ఎర్ర పీలిక

ముప్పయ్యో బోను పెట్టె ఖాళీ. రెఫూహియో ఆ రేకు పెట్టెను మడిచి సంచిలో వేసి, గుర్తుకి పొదకు కట్టిన ఎర్ర పీలిక విప్పి జేబులో కుక్కాడు. ముందు పెట్టె, తర్వాత పీలిక; అదీ పద్ధతి. సొనోరా ఎడారిలో, ఎండిన వాగు ఒడ్డున, ఇరవై రెండేళ్ళుగా అతని ఉదయాలు ఇంతే. పరిశోధన కోసం బోనుల్లో పడ్డ ఇసుక ఎలుకల్ని తూచి వదిలేయడం. వేలెడు ఒళ్ళు, తోక చివర కుచ్చు, బుగ్గల్లో గింజల సంచులు. చుక్క నీళ్ళు తాగకుండానే బతికేస్తాయి.

"నీకంటే ఇవే నయం బాబాయ్, బీరు కావాలని అడగవు," అంది నొయేలియా. అతనికి ఇవాళే ఆఖరి రోజు; రేపట్నుంచి ఈ బోనులు ఆ పిల్లవే.

"మీ ఆయన కంటే కూడా నయమే," అన్నాడు.

ఆ నవ్వుల్లో వరస పూర్తయింది. బండి దగ్గర లెక్క చూస్తే పీలికలు నలభై, పెట్టెలు ముప్పై తొమ్మిది.

రెఫూహియో మళ్ళీ లెక్కపెట్టాడు; అవే అంకెలు. కబుర్లలో పడి ఎక్కడో పీలికే విప్పాడు, పెట్టె మరిచాడు. పొద్దున పది దాటితే రేకు పెనంలా కాలుతుంది. ఇన్నేళ్ళలో అతని చేతుల్లో ఒక్క ఎలుకా చావలేదు.

ఇద్దరూ పొదపొదకీ వంగి వెతికారు. చివరికి వాగు గట్టు నీడలో దొరికింది. మూత పడి ఉంది. లోపల దూదిలో ఎలుక గులకరాయిలా చల్లగా, ముడుచుకుని ఉంది.

"పోయింది బాబాయ్," అంది నొయేలియా మెల్లగా.

"రాత్రి చలికి ఇలా కొయ్యబారుతుందమ్మా, తొందరపడి ఏడవకు."

రెండు చేతుల మధ్య మూసి ఊపిరి వదిలాడు. చాలాసేపటికి మీసం కదిలింది. తర్వాత కళ్ళు. బుగ్గల్లోంచి అరచేతిలోకి గింజలు కక్కేసి, దిగి, ఇసుకలో బొరియలోకి దూరి, లోపలినుంచి మట్టితో తలుపు మూసుకుంది. రెఫూహియో హమ్మయ్య అనుకుని కూలబడ్డాడు. కళ్ళు తడిశాయి, దాచుకోలేదు.

గింజలు బొరియ ముందు పోశాడు. జేబులోంచి ఓ పీలిక తీసి పొదకు కట్టాడు.

"పెట్టె లేనిచోట పీలికేంటి బాబాయ్?"

"ఉండనీ. నువ్వు విప్పకు."

మధ్యాహ్నానికి అతని బండి ఊరి దారి పట్టింది. వాగు ఒడ్డున ఆ పొదకు, వెలిసిన ఎర్ర గుడ్డముక్క రెండు ముడులు వేసి ఉంది.