గేటు చొక్కా

ఆ పిల్ల పళ్ళు ఎడమ మోచేతికి కొంచెం కిందగా దిగాయి. బూచమ్మ చెయ్యి వెనక్కి లాక్కోలేదు. లాగితే పళ్ళు ఇంకా బిగుస్తాయి, చొక్కా చిరుగుతుంది, పైగా పిల్ల చిగుళ్ళకి దెబ్బ. ఎడమ చేతిని అలాగే పిల్ల ఛాతీకి అడ్డంగా ఉంచి, కుడి చేత్తో తల్లి మెడ చుట్టూ బిగిసిన వేళ్ళని ఒక్కొక్కటే ఊడదీసింది. చిటికెన వేలితో మొదలుపెట్టాలి. బొటనవేలితో మొదలుపెడితే మళ్ళీ పట్టేసుకుంటారు.

"కొంచెం మెల్లిగా చెయ్యలేరా?" అంది తల్లి, ఏడుపూ కోపమూ కలిసిన గొంతుతో.

"మెల్లిగా చేస్తే మధ్యాహ్నం దాకా ఇక్కడే ఉంటారు. వెళ్ళండమ్మా. వెనక్కి చూడకండి."

తల్లి వెనక్కి చూసింది. అందరూ చూస్తారు. చూసి, బూచమ్మని కళ్ళతోనే కాల్చేసి, వెళ్ళిపోయింది.

ఆ పిల్లని బళ్ళో అందరూ ఎలకపిల్ల అంటారు. ఆకారం అంతే, పళ్ళూ అంతే. గేటు నుంచి లోపలి తలుపు దాకా ఉన్న వరండాలో ఎలకపిల్ల తన్నింది, ఉమ్మింది, "నువ్వు చెడ్డదానివి, నువ్వు కంపు" అని అరిచింది.

"అవునులే, నువ్వు మహా సువాసన" అంది బూచమ్మ.

తలుపు దగ్గర నవ్వుల టీచరు రెండు చేతులూ చాపి నిలబడి ఉంది. "అయ్యో నా బంగారం, బూచమ్మ పట్టుకుందా? రా, నేను కాపాడతాను కదా" అంది. ఎలకపిల్ల ఒక్క గెంతులో ఆమె మెడకి చుట్టుకుంది. తలుపు మూసుకుంది. బూచమ్మ ఎడమ భుజం ఒకసారి రుద్దుకుని, తరవాతి పిల్లవాడి కోసం గేటు దగ్గరికి నడిచింది.

పసిపిల్లల బడి అంటే రంగు బంతులూ చప్పట్లూ అనుకుంటారు గానీ, అది మొదలయ్యేది మాత్రం రోజూ ఇలాగే. అమ్మ మీద రావలసిన కోపం, కొత్త చోటంటే పుట్టే భయం, మొత్తం ఆ వరండాలో బూచమ్మ నెత్తిన కుమ్మరించేస్తే, లోపలికి చేరేసరికి పిల్ల తేలికపడి టీచరు చంకలో నవ్వడానికి సిద్ధంగా ఉంటుంది. ఈ ఏర్పాటు పెద్ద టీచరు బుర్రలో పుట్టింది. దానికొక కట్టుబాటు కూడా ఉంది: పిల్లలు మెలకువగా ఉన్నంతసేపూ బూచమ్మ ఆ తలుపు దాటకూడదు. అన్నం తిననని మారాం చేసేవాళ్ళకి ఆవిడ పేరే మందు. "తింటావా, బూచమ్మని పిలవనా?" అన్న మాట తలుపు ఇవతల ఊడ్చుకుంటున్న బూచమ్మకి రోజూ వినిపిస్తుంది. ఆ వెంటనే చెంచాల చప్పుడు కూడా.

అలా అని ఆవిడ వెన్నముద్దలాంటి మనిషి, లోకమే అపార్థం చేసుకుంది అనుకోవడానికి లేదు. పాలవాడితో పాల చిక్కదనం దగ్గర, తోటమాలితో నీళ్ళ గొట్టం దగ్గర, తల్లులతో ఆలస్యం దగ్గర ఆవిడకి రోజూ రగడే. ఎదురింటివాళ్ళ కుక్క ఆవిడని చూస్తే మొరగడం మానేసి పక్కకి తప్పుకుంటుంది. పిల్లల చెప్పుల దగ్గర మాత్రం ఆవిడ చేతులు వేరే మనిషివి. ఏడుపులన్నీ లోపలికి వెళ్ళిపోయాక వరండాలో కూర్చుని, విసిరికొట్టిన చెప్పులని ఏరి, జతలు కలిపి, మట్టి తుడిచి పెడుతుంది. అరచేతిలో పట్టే బూట్లు. నడిస్తే కీచుమనేవి ఒకటీ అరా ఉంటాయి. ఎవరూ చూడనప్పుడు వాటిని వేళ్ళతో నొక్కి కీచుమనిపిస్తుంది. ఎవరైనా వస్తే తుమ్మినట్టు నటిస్తుంది.

ఒంటిమీద ఉన్నది మగవాళ్ళ చొక్కా. బొగ్గు రంగు, మందపాటి బట్ట, పొడుగు చేతులు. మొగుడిది. పెళ్ళయిన కొత్తలో ఇద్దరికీ కలిపి ఉన్న వెచ్చని బట్ట అదొక్కటే. ముందు లేచినవాళ్ళది అని ఒప్పందం. చలి పొద్దుల్లో ఇద్దరూ పోటీలు పడి లేచేవాళ్ళు. ఓడిపోయినవాళ్ళు గెలిచినవాళ్ళ వెనక నిలబడి, చేతులు రెండూ ఆ చొక్కా జేబుల్లో దూర్చి, టీ కాగేదాకా అలాగే అతుక్కుని ఉండేవాళ్ళు. గెలవడం కన్నా ఓడిపోవడమే బాగుంటుందని ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ పైకి అనేవాళ్ళు కాదు. ఆయన పోయాక చొక్కా గేటుకి వచ్చింది. మూడో గుండీ ఊడిపోతే ఏదో పిల్ల గౌనులోంచి రాలిన పసుపుపచ్చ పువ్వు గుండీ కుట్టింది. ఎడమ చేతి మీద మాత్రం ఏమీ కుట్టలేదు. అక్కడ పళ్ళ గాట్లు ఒకదాని మీద ఒకటి పడి బట్ట నున్నగా అరిగిపోయింది.

ఆవిడకి కావలసినది ఒక్కటే. నిద్రగది.

మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక మాత్రమే లోపల ఊడవడానికి ఆవిడకి అనుమతి. నిద్రగది తలుపు ఓరగా ఉంటుంది. నీలం తెరలు దించేసి, చిన్న పరుపుల మీద అందరూ ఎక్కడివాళ్ళక్కడ పడిపోయి ఉంటారు. ఒకడి కాలు పక్కవాడి పొట్ట మీద, ఒకతె బొటనవేలు నోట్లో. పొద్దున్న తన్నిన కాళ్ళూ కొరికిన పళ్ళూ అవే. ఆ నిద్రలో వాళ్ళకి ఎవరి మీదా కోపం ఉండదు. చీపురు పట్టుకుని తలుపు దగ్గర అవసరానికి మించి నిలబడుతుంది బూచమ్మ. గదిలో ముక్కాలిపీట మీద కూర్చున్న ఆయా "ఏంటి?" అన్నట్టు కనుబొమలు ఎగరేస్తే, ముక్కు చీది వెళ్ళిపోతుంది.

ఆ ఆయాని పిల్లలు జోలమ్మ అంటారు. బూచమ్మకి సొంత ఆడపడుచు, మొగుడి చెల్లెలు. ఇద్దరిదీ ఒకే ఇల్లు, మధ్యలో ఒక గోడ, రెండు పొయ్యిలు. బళ్ళో ఈ పని ఇప్పించింది కూడా ఆవిడే. "మా వదిన ఉంది, గట్టి మనిషి, గేటుకి అచ్చంగా సరిపోతుంది" అని చెప్పి మరీ గేటు ఇప్పించింది. ఆ "అచ్చంగా" అన్న మాటని బూచమ్మ ఇన్నేళ్ళయినా క్షమించలేదు. ఇవాళ జోలమ్మకి ఆఖరి రోజు. రేపు కూతురి దగ్గరికి వెళ్ళిపోతోంది. గది ఖాళీ అవుతుంది. తనకి ఇమ్మని బూచమ్మ ముందే అడిగింది. "మీ ఆడపడుచుని కూడా ఓ మాట అడిగి చెప్తాను" అంది పెద్ద టీచరు. ఆ అడగడం నిన్న సాయంత్రం అయిపోయింది.

పెరట్లో జోలమ్మ చిన్న దుప్పట్లు దులిపి ఆరేస్తోంది. బూచమ్మ వెళ్ళి తీగకి ఇవతల నిలబడింది.

"ఏమే, పెద్ద టీచరు దగ్గర నా గురించి ఏం చెప్పావు?"

"అడిగింది, చెప్పాను వదినా."

"అదే, ఏం చెప్పావని."

"నిన్ను ఆ గదిలో పెడితే పడుకున్న పిల్లలు లేచి కూర్చుంటారని. అబద్ధమా?"

"అంత భయంగా ఉందా నా మొహం?"

"నేననలేదు. పిల్లలంటున్నారు. పసివాళ్ళు అబద్ధం చెప్తారా, పాపం."

"నీ మొహం చూసే కదే మీ ఆయన ఊరొదిలి పారిపోయాడు."

జోలమ్మ దుప్పటిని మరొక్కసారి గట్టిగా దులిపింది. "మా ఆయన ఊరే వదిలాడు. నీతో కాపురం చేసి మా అన్నయ్య లోకమే వదిలాడు. ఎవరి మొహం గొప్పదో నువ్వే తేల్చుకో."

బూచమ్మకి జవాబు నాలుక చివరే ఉంది గానీ, ఎడమ భుజం కింద ఏదో మెలిపెట్టినట్టయి మాట అక్కడే ఆగింది. పొద్దున్న ఎలకపిల్లని మోసినప్పటి నుంచీ ఉందది. రోజురోజుకీ బరువెక్కుతున్నారు వెధవలు, అనుకుంది.

"కొంచెం చిన్నగా తిట్టుకోండి, లోపల పాట నేర్పుతున్నాం" అంటూ పెద్ద టీచరు వచ్చింది. పొడుగాటి మనిషి, ఎప్పుడూ హడావిడి. "మధ్యాహ్నం జోలమ్మ చేత కేకు కోయిస్తున్నాం. ఆ గంటా నిద్రగదిలో ఎవరుంటారన్నదే గొడవ. టీచర్లందరికీ కేకు కావాలట."

"నేనుంటాను" అంది బూచమ్మ. "నాకు కేకు వద్దు. ఇది తింటుంటే చూడలేను."

"పెట్టేదెవరు నీకు" అంది జోలమ్మ.

పెద్ద టీచరు ఒకరి తరవాత ఒకరిని చూసింది. "సరే. ఇద్దరి నసా ఒక్కసారే వదిలిపోతుంది. ఆ గంటలో ఒక్క పిల్ల ఏడుపు కూడా నా గదిలోకి వినిపించకపోతే రేపటి నుంచి ఆ గది నీది. వినిపిస్తే మళ్ళీ ఈ మాట ఎత్తకు."

"గంటా?" అని జోలమ్మ నవ్వింది. "నేను కేకు నోట్లో పెట్టుకునే లోపే వినిపిస్తుంది, చూడండి."

"ఆ చొక్కా మాత్రం తీసేసి వెళ్ళు" అంది పెద్ద టీచరు.

మధ్యాహ్నం బూచమ్మ చొక్కా విప్పి గేటు పక్కనున్న మేకుకి తగిలించింది. ముఖం కడుక్కుంది. వరండాలోనే చెప్పులు వదిలేసి, లోపలి తలుపు తోసింది. చొక్కా లేకుండా చేతులు చలిగా, ఎవరివో అన్నట్టుగా ఉన్నాయి.

నిద్రగదిలో జోలమ్మ పీట మీంచి లేచి, పక్కనుంచి వెళ్తూ చెవిలో అంది. "ఎలకపిల్ల పడుకోలేదు. కళ్ళు మూసుకుని నాటకం ఆడుతోంది. కావాలనే జోకొట్టలేదు."

"నీ బుద్ధి ఎక్కడికి పోతుంది" అంది బూచమ్మ, అంతే మెల్లగా.

ఎలకపిల్ల పరుపు గోడ వారగా ఉంది. బూచమ్మ పీట మీద కాకుండా దాని పక్కనే నేల మీద కూర్చుని గోడకి చేరబడింది. గోడకి అటువైపు పెద్ద టీచరు గది. కుర్చీలు జరపడం, ఎవరో నవ్వడం, పళ్ళెం మీద చాకు తగలడం స్పష్టంగా వినిపిస్తున్నాయి. ఇటువైపు ఊపిరి తీస్తున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు. పాలూ సబ్బూ కలిసిన వాసన. కిటికీ తెర గాలికి ఉబ్బి, మళ్ళీ నెమ్మదిగా కిందికి దిగింది. ఇంతమంది మధ్య కూర్చుంటే ఒక్కళ్ళు కూడా తనని చూసి జడుసుకోవడం లేదు. నవ్వొచ్చింది ఆవిడకి. చేత్తో నోరు మూసుకుంది.

ఎలకపిల్ల కళ్ళు తెరిచింది. చాలాసేపు చూసింది.

"నువ్వు బూచమ్మవి" అంది గుసగుసగా.

"కాదు."

"అవును. నీ చొక్కా ఏది?"

"ఉతకడానికి వేశాను."

"నువ్వు ఇక్కడికి రాకూడదు."

"తెలుసు. అరుస్తావా?"

ఎలకపిల్ల ఆలోచించింది. కింది పెదవి వణకడం మొదలైంది. గోడ అవతల నవ్వులు ఆగాయి. వాళ్ళు చెవులు రిక్కించారేమో అనిపించింది.

"మా అమ్మ వస్తుందా?"

"రోజూ వస్తోందిగా. ఇవాళ రాకపోతే నన్ను కొరుకు."

"ఇప్పుడే కొరుకుతా."

"కొరుక్కో. అరవకు మరి."

ఎడమ చెయ్యి చాపింది. ఎలకపిల్ల రెండు చేతులతో ఆ మణికట్టు పట్టుకుని, నిజంగానే కొరికింది. చొక్కా లేదు కదా, పళ్ళు సరాసరి దిగాయి. బూచమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ చెయ్యి కదలలేదు. పిల్ల ఆవిడ ముఖంలోకి చూస్తూనే ఉంది, ఇంకా కొంచెం కోపంగా. చూస్తూ చూస్తూ రెప్పలు వాలాయి. పళ్ళు వదులయ్యాయి. నోరు మాత్రం అక్కడే ఉండిపోయింది, వెచ్చగా, తడిగా. ఇన్నేళ్ళుగా ఎంతమంది పళ్ళు దిగాయో ఆ చేతిమీద, ఒక పిల్ల నోరు ఇలా ఒంటికి తగలడం ఇదే మొదలు. గోడ అవతల మళ్ళీ మాటలు మొదలయ్యాయి.

భుజం కింది మెలి ఈసారి ఛాతీ మధ్యకి వచ్చింది. వచ్చి అక్కడే కూర్చుంది. వెన్ను మీద చెమటలు పట్టాయి. పిలవచ్చు. ఆ గోడ ఎంత పలచనో తెలుసు, ఒక్క కేక చాలు. కేక వేస్తే ఎలకపిల్ల లేస్తుంది. లేస్తే ఏడుస్తుంది. ఒకళ్ళు ఏడిస్తే అందరూ అందుకుంటారు. జోలమ్మ కేకు పళ్ళెం పట్టుకుని తలుపులో నిలబడి నవ్వుతుంది. అది మాత్రం కుదరదు. కాసేపు ఓర్చుకుంటే అదే తగ్గుతుంది. రేపు ఆ పీట తీసేసి ఇక్కడ ఒక చాప వేసుకోవాలి. తెర అంచు ఊడింది, కుట్టాలి. ఎలకపిల్ల పరుపు గోడ వారనే ఉంచాలి.

తల గోడకి ఆనించి కళ్ళు మూసుకుంది. తెర ఉబ్బింది, దిగింది.

గంట గడిచాక పెద్ద టీచరు తలుపు తోసి తొంగి చూసింది. వెనక నవ్వుల టీచరు, ఆమె వెనక పళ్ళెంలో కేకు ముక్కతో జోలమ్మ. పిల్లలందరూ ఒళ్ళు తెలియకుండా నిద్రపోతున్నారు.

"ఒక్కళ్ళు కూడా ఏడవలేదు" అంది పెద్ద టీచరు. ఆ గొంతులో నమ్మలేకపోవడం ఉంది. "సరే మరి. గది ఆవిడదే."

జోలమ్మ పిల్లల మధ్యనుంచి అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళి వంగింది. "లే వదినా. తీసుకో, గెలిచావులే. ఎప్పుడూ నీ మాటే నెగ్గాలి" అంటూ పళ్ళెం ముందుకి చాపి, రెండో చేత్తో భుజం తట్టింది. తట్టిన చెయ్యి అక్కడే ఆగింది. తరవాత బుగ్గ మీద పెట్టి చూసింది. తరవాత ముక్కు దగ్గర.

పళ్ళెం నేల మీద పెట్టింది, చప్పుడు కాకుండా. నిద్రలో కూడా ఎలకపిల్ల ఆ మణికట్టుని రెండు చేతులతో గట్టిగా పట్టుకునే ఉంది. జోలమ్మ దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, చిటికెన వేలితో మొదలుపెట్టి, ఆ వేళ్ళని ఒక్కొక్కటే ఊడదీసింది. పిల్ల లేవలేదు.

నవ్వుల టీచరు వెక్కడం మొదలుపెట్టింది. జోలమ్మ తల తిప్పకుండానే అంది. "బయటికి పోయి ఏడవండి. ఇక్కడ ఎవరైనా ఏడిస్తే మా వదిన ఓడిపోతుంది."

సాయంత్రం తల్లులు వచ్చారు. గేటు ఎవరో ముందే బార్లా తెరిచి పెట్టారు. పిల్లలు వరండాలోంచి అరుస్తూ పరిగెత్తి, రోజూలాగే గేటు పక్కకి చూడకుండా అమ్మల మీదికి దూకారు. ఎలకపిల్ల మాత్రం సగం దారిలో ఆగి, "బూచమ్మ ఏది?" అని అడిగింది. "లేదులే, భయపడకు, రా" అని తల్లి ఎత్తుకుని తీసుకుపోయింది.

మేకుకి చొక్కా వేలాడుతోంది, పసుపుపచ్చ పువ్వు గుండీ విప్పింది విప్పినట్టే ఉంది, నీడ పట్టున ఉన్న ఎడమ చేతి మీద పొద్దుటి పళ్ళ గాట్లు ఇంకా పూర్తిగా చెరగలేదు.