హు పిన్ని ఇచ్చిన పాలసీసా

మార్లిస్ చేతిలో పాలు తాగనన్న దూడ ఇంతవరకూ పుట్టలేదు. ఇది గొప్పకి చెప్పుకునే మాట కాదు, అమెరికాలో విస్కాన్సిన్‌లో వాళ్ళ పాడిపశువుల కొట్టం చుట్టుపక్కల ఎవర్నడిగినా చెప్తారు. తల్లి తన్నేసిన దూడ, చలికి కొయ్యబారిపోయిన దూడ, పక్కవాళ్ళు ఇక ఇది దక్కదని వదిలేసిన దూడ, ఏదైనా సరే, మార్లిస్ గడ్డిలో చతికిలబడి, దాని తల చంకలో ఇరికించుకుని, ముందు వేలు చీకించి, ఆ వేలి పక్కనుంచే పాలసీసా పీక దూర్చేసిందంటే అది చప్పరించాల్సిందే. అందుకే చైనాకి పిల్లల్ని దత్తత తెచ్చుకోడానికి పోతూ, విమానంలో మిగతా అయిదు జంటలూ పిల్లల పెంపకం పుస్తకాలు గుబులుగా తిరగేస్తుంటే, నలభై నాలుగేళ్ళ మార్లిస్ మాత్రం నాన్‌చాంగ్ వచ్చేదాకా గుర్రుపెట్టి నిద్రపోయింది.

సోమవారం పొద్దున పదింటికి ప్రభుత్వ కార్యాలయం మూడో అంతస్తులో పిల్లల్ని అప్పగించారు. పేరు పిలుస్తారు, పాస్‌పోర్టు చూస్తారు, పిల్లని చేతిలో పెడతారు, అంతే. ఆరు జంటలు, ఆరుగురు పిల్లలు, గదంతా ఏడుపు, పిల్లలకంటే పెద్దవాళ్ళదే ఎక్కువ. "లియెన్" అని వినపడగానే మార్లిస్ కుర్చీ తన్నుకుని మరీ పరిగెత్తింది. పదమూడు నెలల పిల్ల, అయిదు పొరల బట్టల్లో చేతులు దించడానికి కూడా వీల్లేక రెక్కలు చాపిన కోడిపిల్లలా ఉంది. ఏడవలేదు. మార్లిస్ మెళ్ళో గొలుసుకేసి చూసింది, తర్వాత పైకప్పుకేసి చూసింది.

పిల్లని తెచ్చినావిడ హు పిన్ని. అనాథాశ్రమంలో పిల్లల్ని సాకే ఆడవాళ్ళందరూ పిన్నులే. పొట్టిగా, చురుగ్గా ఉందావిడ. ఒక ప్లాస్టిక్ సంచీ మార్లిస్ మణికట్టుకి తగిలించి, గడగడా ఏదో చెప్పుకుపోయింది. వీళ్ళ వెంట తిరిగే దుబాసీ అమ్మాయి లాన్‌ని అప్పటికే ఇద్దరు తండ్రులు చెరోపక్కకీ లాగుతున్నారు. బాగా తింటుందట, మంచి పిల్లట అని రెండు ముక్కల్లో తేల్చేసి ఆ అమ్మాయి అటు పరిగెత్తింది. పిన్ని చెప్పింది రెండు ముక్కలు కాదు, ఇరవై ఉంటాయి. ఆ సంగతి మార్లిస్‌కి అప్పుడే తట్టాల్సింది. తట్టలేదు. మొగుడు వెర్లిన్ కెమెరా వెనకనుంచి ఇటు చూడమంటున్నాడు, చేతుల్లో పిల్ల తల వేడన్నం వాసనేస్తోంది, ఇంక లోకంలో మిగతా సంగతులు ఎవరిక్కావాలి.

హోటలుకొచ్చాక సంచీ విప్పి చూస్తే ఒక పాత పాలసీసా, పావుకిలో బియ్యప్పిండి పొట్లం. సీసా గీతలు పడి మసకేసిపోయింది, పీక పసుపుపచ్చగా మారి కొస దగ్గర ఎవరో కత్తెరతో కోసినట్టుంది. మార్లిస్ దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి, అయ్యో పాపం అనుకుని, పొట్లంతో సహా చెత్తబుట్టలో పడేసింది. ఇంటినుంచి తెచ్చిన కొత్త సీసాలు ఆరున్నాయి. వాటిని మరిగే నీళ్ళలో వేసి, పాలపొడి డబ్బా మీద రాసినట్టే కొలిచి పాలు కలిపి, మణికట్టు మీద చుక్క వేసుకుని చూసుకుంది. వేడీ కాదు, చల్లనా కాదు. పిల్లని ఒళ్ళో పడుకోబెట్టుకుని పీక పెదాలకి ఆనించింది.

లియెన్ పెదాలు బిగించి మొహం తిప్పేసుకుంది.

మార్లిస్‌కి చీమ కుట్టినట్టయినా లేదు. బండిలో వేసి తెచ్చిన దూడ మొదటి పూట తాగదు, అది తెలిసిందే. పన్నెండింటికి మళ్ళీ పట్టింది. ఒంటిగంటకి ఇంకో పీక. రెండింటికి వేలు చీకించబోతే పిల్ల ఆ వేలుని మర్యాదగా పక్కకి తోసేసింది. అప్పటికి ఒంటిమీద పొరలు మూడు విప్పేశారు, గదిలో ఉక్కగా ఉందని. మూడింటికి పిల్ల మూలగడం కూడా మానేసి, తలుపుకేసి చూస్తూ కూర్చుంది. తెల్లారగట్ట ఆశ్రమంలో ఏం తాగిందో అదే, ఆ తర్వాత చుక్క లేదు.

"ముప్పై ఏళ్ళ రికార్డు పోయేట్టుంది," అన్నాడు వెర్లిన్.

"ఇంకా పోలేదు."

"పాడి చూసుకుంటున్న మా తమ్ముడికి ఫోన్ చేసి చెప్పనా, ఆవులకి చెప్తాడు."

"నోరు మూసుకుని ఆ నీళ్ళు కాచు."

కానీ లాన్ వచ్చి పిల్లని చూసి నవ్వలేదు. ఈ ఇరవై నాలుగ్గంటలూ ఒకర్నొకరు చూసుకోడానికి, రేపు పదింటికి సంతకాలు అయ్యేదాకా పిల్ల ఇంకా ఆశ్రమానిదే. సంతకాలు పెట్టించే అధికారిణి ముందు పిల్ల వాడిపోయి కనిపిస్తే సంతకాలు ఆపేస్తుంది, డాక్టరు సరేననేదాకా వెనక్కి పంపేస్తుంది, పోయిన వసంతంలో ఒక పిల్లాడికి అలాగే పదకొండు రోజులు పట్టింది. లాన్ ఇదంతా నేల చూస్తూ చెప్పింది. మార్లిస్ వింటూనే పిల్లని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. తర్వాత లేచి, పద, కాస్త గాలి తగిలితే ఆకలేస్తుందని చెప్పి సీసా జేబులో పెట్టుకుని బయల్దేరింది.

నది ఒడ్డున బెంచీల మీద ముగ్గురు ముసలమ్మలు నారింజలు ఒలుచుకుంటున్నారు. నవంబరు ఎండ బాగానే కాస్తోంది. మార్లిస్ పది అడుగులు వేసిందో లేదో ఒకావిడ లేచొచ్చి లియెన్ కాలి మడమ పట్టుకుని చూసి, కేకేసి మిగతా ఇద్దర్నీ పిలిచింది. ముగ్గురూ కలిసి పిల్ల లాగు కిందకి లాగారు, చొక్కా దోపారు, మార్లిస్‌ని నిలబెట్టి కడిగేశారు. రెండే పొరలా, ఇది పిల్లా, ఆరేసిన చేపా. లాన్ సగం మింగేసి సగమే చెప్తుంటే, మొత్తం చెప్పమ్మా, నా తోలు మందమే అంది మార్లిస్. ఈలోగా పెద్దావిడ జేబులోంచి సీసా లాగి చెంపకి ఆనించుకుంది. ఆనించుకుని ఒక్క నవ్వు నవ్వింది, పళ్ళు లేని నోటినిండా.

"ఏమ్మా, ఇంత చల్లగానా, ఇవి పాలా, చెరువు నీళ్ళా? కప్పకి పోస్తున్నావా?"

లాన్ చెప్పడానికి తటపటాయించింది. చెప్పాక మార్లిస్ కోపం తెచ్చుకోలేదు. ఆ ఎండలో అలా నిలబడిపోయింది. ఎందుకంటే ఇంకో పాడినుంచి దూడని తెచ్చుకునేటప్పుడు ఆవిడ అడిగే మొట్టమొదటి ప్రశ్న ఒకటుంది. తలుపు తీయకముందే, దూడ మొహం చూడకముందే అడుగుతుంది. దీనికి ఎలా పడుతున్నారు? బకెట్టా, సీసానా, ఎంత వేడి, ఎంత చిక్కన, ఏ చేత్తో? వందసార్లు అడిగింది. వందసార్లూ జవాబు చెవిని పెట్టింది. ఈ ఒక్కసారి, ఈ ఒక్క పిల్ల దగ్గర, అడగలేదు. పైగా జవాబు తనంతట తనే వచ్చి మణికట్టుకి తగులుకుంటే తీసి చెత్తలో వేసింది.

"వెర్లిన్, ఆ సీసా."

వెర్లిన్‌కి కూడా అర్థమైపోయింది, పాడిలో పెరిగినవాడే కదా. ఇద్దరూ హోటలుకి పరుగులాంటి నడక, వెనక లాన్, అందరి వెనకా ముసలమ్మల నవ్వు.

చెత్తబుట్ట ఖాళీ. కొత్త సంచీ కూడా వేసేశారు. మార్లిస్ ఆగకుండా నడవా చివరికి పోయి, గదులు ఊడ్చేవాళ్ళు కూర్చునే చిన్న కొట్టు తలుపు తోసింది. లోపల తావ్ అక్క దిండు గలీబులు మడతలు పెడుతోంది. మార్లిస్ చేత్తో సీసా గుర్తు చూపించబోయే లోపే ఆవిడ తల వెనక్కి తిప్పకుండా బల్లకేసి చెయ్యి చూపించింది. బల్ల మీద శుభ్రంగా కడిగి బోర్లించిన పాత సీసాలు నాలుగు, ఒక్కోదాని కింద గది నంబరు రాసిన చీటీ, పక్కన పిండి పొట్లాలు.

"మీ ఆరుగురిలో నలుగురు పారేశారు," లాన్ చెప్పింది, ఇప్పుడు నవ్వుతూ. "ప్రతిసారీ ఇంతేనట. మూడ్రోజులు దాచిపెడుతుందట, రెండో రోజుకి ఏడుస్తూ వస్తారట. మొదటి రోజే వచ్చింది మీరొక్కరేనట."

"మిగతా మూడూ కూడా ఇవ్వమను," అంది మార్లిస్, "నేనే పంచుతా."

పంచింది కూడా. మూడు తలుపులు తట్టి, ఏడ్చి ఎర్రబడ్డ మూడు జతల కళ్ళ ముందు సీసాలు పెట్టి, వేడిగా, బాగా వేడిగా అని చెప్పి, లాన్ చేత ఆశ్రమానికి ఫోన్ చేయించింది. హు పిన్ని అప్పుడే తిరిగొచ్చిందట. ముందు తిట్టింది. పొద్దున్నే మొత్తం చెప్పాను కదా, సంచీ చేతికి కట్టి మరీ ఇచ్చాను కదా అని. మార్లిస్ ఆ తిట్లన్నీ పడింది, తనైనా అంతే తిట్టేది. తర్వాత పిన్ని కొలతలు చెప్పింది. రెండు చెంచాల బియ్యప్పిండి, సీసా చెంపకి ఆనిస్తే చురుక్కుమనాలి గానీ కాలకూడదు, పీక రంధ్రం ఆ కోసినంతే ఉండాలి, చిన్నదైతే దానికి ఓపిక లేదు. మార్లిస్ రాసుకుంది. ఫోన్ పెట్టేసేట్టున్నప్పుడు పిన్ని ఇంకో మాట అంది.

"ఒళ్ళో పెట్టుకోవద్దంటోంది. ఒళ్ళో తాగడం దానికి తెలీదట."

"ఎందుకట?"

లాన్ మళ్ళీ అడిగి, విని, అలాగే పిన్ని మాటల్లోనే చెప్పింది. "నాకు తొమ్మిదిమంది. ఒళ్ళు ఒకటే. పక్కమీద పడుకోబెట్టి, తువ్వాలు మడిచి సీసా దానిమీద ఆనిస్తాను. మొహంలోకి చూశామా, తాగడం ఆపేస్తుంది, ఎత్తుకుంటామేమోనని. ఎత్తుకోడానికి నాకు చెయ్యి ఖాళీ ఉండదు. అందుకని నేను చూడను."

మార్లిస్ కాగితం మీద ఆఖరి వరసలో "చూడకూడదు" అని రాసి, దానికింద గీత గీసి, నీళ్ళు మరిగించడానికి లేచింది.

లియెన్‌ని మంచం మీద పక్కకి తిప్పి పడుకోబెట్టారు. తువ్వాలు మడిచి, సీసా ఆనించి, పీక అందేంత దూరంలో పెట్టి, మార్లిస్ పక్కనే వెల్లకిలా పడుకుని పైకప్పుకేసి చూడసాగింది. వెర్లిన్ కెమెరా తీయబోతే, గోడవైపు తిరుగు అంది. ఆరడుగుల మనిషి, పాపం, గోడవైపు తిరిగి నిలబడ్డాడు. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత గుటక. ఇంకో గుటక. తర్వాత ఇక వరసగా, ఎండాకాలం సాయంత్రం తొట్టి దగ్గర ఆవు నీళ్ళు తాగినట్టు, గటగటా. సీసా ఖాళీ అయ్యేదాకా మార్లిస్ పైకప్పు మీది మరకలే లెక్కపెట్టింది. కళ్ళనుంచి నీళ్ళు కారి చెవుల్లోకి పోతున్నా తుడుచుకోలేదు, కదిలితే ఆపేస్తుందేమోనని.

రెండో సీసాకి ఆవిడ తువ్వాలు తీసేసి తన ముంజేయి పెట్టింది. పిల్ల ఒక్క క్షణం ఆగి, చేతిని తడిమి చూసుకుని, సరేలే అన్నట్టు తాగింది. మూడోదానికి ముంజేతిమీంచి మోచేతికి. వెర్లిన్ గోడకేసి చూస్తూనే, దూడకి బకెట్ మప్పినట్టు మప్పుతున్నావు కదూ అన్నాడు. రోజుకో జానెడు, ఇంటికెళ్ళే లోపు ఒళ్ళోకొస్తుంది చూడు అంది మార్లిస్. ఆ గొంతు మళ్ళీ పాత గొంతే.

మర్నాడు పదింటికి లియెన్ అయిదు పొరల్లోనూ ఉంది, బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. అధికారిణి కళ్ళజోడు పైకి తోసుకుని పిల్లని ఎగాదిగా చూసింది. తర్వాత అందర్నీ అడిగినట్టే అడిగింది, ఈ పిల్లని ఎప్పటికీ విడిచిపెట్టనని మాటిస్తావా అని. మార్లిస్ ఇస్తానంది. సంతకాలు పెట్టారు. లియెన్ అరికాళ్ళకి ఎర్ర సిరా పూసి ఒకటి కాగితం మీద అద్దారు, రెండో కాలు మార్లిస్ తెల్ల చొక్కా మీద తనంతట తనే అద్దుకుంది. ఇంక సీలు ఒక్కటే బాకీ. సరిగ్గా అప్పుడే పిల్ల సంచీలోని సీసాకేసి చెయ్యి చాపి మారాం చేయడం మొదలెట్టింది.

ఇక్కడ మంచం లేదు, తువ్వాలు లేదు. మార్లిస్ బెంచీ మీద కూర్చుని, పిల్లని తొడల మీద పక్కకి తిప్పి పడుకోబెట్టుకుని, లాన్‌తో ఒక మాట చెప్పింది. లాన్ కాస్త బిడియపడుతూనే అధికారిణికి విన్నవించింది. ఏమనుకోకండి, ఎవరూ ఇటు చూడకూడదట.

అధికారిణి ముందు అర్థం కానట్టు చూసింది. ఆశ్రమం తరఫున వచ్చి ఆ మూల నిలబడ్డ హు పిన్నికి మాత్రం అర్థమైంది. ఆవిడే ముందు గోడవైపు తిరిగింది, అలవాటైన పనే కదా. వెర్లిన్ తిరిగాడు. లాన్ తిరిగింది. మిగతా అయిదు జంటలూ తిరిగాయి. గదంతా మొహాలు గోడకి పెట్టుకుని నిలబడ్డాక, వెనకనుంచి గుటకలు వినపడ్డాయి.

అధికారిణి కూడా కిటికీలోంచి బయటకి చూస్తూ, చేత్తో తడుముకుని సీలు వేసింది. అది వంకరగా పడింది, సగం కాగితం మీద, సగం బల్లమీద. మళ్ళీ వేస్తాను, కాస్త ఆగండి అంది మెల్లగా.

"తొందరేం లేదు," అంది మార్లిస్ పైకప్పుకేసి చూస్తూ. "ఇంకా సగం సీసా ఉంది."