గురమ్మ కూర్చునే సీటు

తెల్లారి వాకిట్లో కల్లాపి చల్లే వేళకే పూలమ్మే జానమ్మ మల్లెపూల గంప తెచ్చి గురమ్మ మంచం పక్కన పెట్టిపోతుంది. ఆ వెనకనే ఎదురింటివాళ్ల పాలగిన్నె, మూలింటివాళ్ల పెరుగుచట్టి, ఎవరివో కొత్తిమీర కట్టలు. మధ్యాహ్నానికి కర్నూలు పక్కనున్న కల్లూరంతా పెనం మాదిరి కాలుతున్నా గురమ్మ పక్కనున్న మల్లెమొగ్గ విచ్చుకోదు, పాలు విరగవు. పెట్టొచ్చా అని అడిగేవాళ్లు కూడా లేరు. కొళాయి కింద బిందె పెట్టినంత మామూలుగా పెట్టి, సాయంత్రం అంతే మామూలుగా పట్టుకుపోతారు.

వాళ్లకు బాగానే ఉంది గాని, గురమ్మ బాధ గురమ్మది. రోళ్లు పగిలే రోహిణికార్తెలో కూడా ఆమెకు చలి. దుప్పటి మీద దుప్పటి కప్పుకున్నా పళ్లు టకటక కొట్టుకుంటాయి. మొగుడు సుబ్బయ్య పోయినప్పట్నుంచీ ఇంతే. ఆయన ఎండాకాలంలో మిట్టమధ్యాహ్నం పోయినాడు. పోయిన మనిషి చెయ్యి పట్టుకుని గురమ్మ వదల్లేదు. "చాల్లే వదులమ్మా" అని నలుగురూ పట్టి లాగినా వదల్లేదు. చివరికి పాడె లేపేటప్పుడు బలవంతంగా విడిపించారు గాని, అప్పటికే ఆ చేతి చల్లదనం ఈమె చేతిలోకెక్కి ఒళ్లంతా పాకిపోయింది. డాక్టరు చూసి జ్వరమేం లేదన్నాడు. ఉంటే ఎంత బాగుండునో అనుకుంది గురమ్మ.

కొడుకు ఓబుళేశు పాత కారొకటి కొని ఓర్వకల్లు విమానాశ్రయానికి బాడుగకు తిప్పుతాడు. ఎక్కడో మంచుకొండల ఊళ్లో తిరిగిన బండి, చేతులు మారీ మారీ కర్నూల్లో తేలింది. ముందు సీట్ల మధ్యలో ఒక మీట, దాని మీద కుర్చీ బొమ్మ, బొమ్మలోంచి పైకి లేస్తున్న మూడు వంకర గీతలు.

"సాంబ్రాణి పొగ మాదిరుండాది, నొక్కితే మంచి వాసనొస్తాదేమో" అంటూ కోడలు స్వర్ణలత నొక్కింది. వాసనా లేదు, పాడూ లేదు. కాసేపటికి ముందు సీట్లో కూర్చున్న గురమ్మ గబుక్కున వీపు నిటారు చేసింది.

"ఒరేయ్ ఓబుళేశూ, ఈడ పొయ్యి ఎవురు పెట్నార్రా?"

ఆ అడగడంలో కోపం లేదు. ముసలామె కళ్లనిండా నీళ్లు. నడుము దగ్గర మొదలైన వెచ్చదనం వీపుకెక్కి, భుజాల్లోకి దిగి, వేళ్ల కొసలదాకా వచ్చింది. కర్నూల్లో సీటుకు వేడేందిరా సామీ అని వీధంతా నవ్వింది గాని, ఆరోజు నుంచి బాడుగలు ముగించుకుని ఓబుళేశు ఇల్లు చేరగానే గురమ్మ పోయి ఆ సీట్లో కూర్చునేది. రోజు మొత్తమ్మీద ఆమె మనిషిలా ఉండేది ఆ కాసేపే.

ఈ ఎండాకాలం ఆ సీటుకు రోగం పట్టింది. మీట ఆపినా వేడెక్కుతుంది. సీటు గుడ్డ మీద రూపాయి బిళ్లంత నల్లటి మచ్చ. దాన్ని మొదట చూసింది గురమ్మే. చూసి, నోరు మూసుకుని, సుబ్బయ్య తువ్వాలు మడిచి దాని మీద పరిచింది. కాలిన వాసన బయటపడకుండా కార్లో సాంబ్రాణి వేసింది.

"ఏందత్తా, కారుకు ధూపమేస్తాండావు?" అంది స్వర్ణలత.

"శుక్రవారం కదమ్మా."

"ఈరోజు మంగళవారం."

"ఏదో ఒక వారంలే పోమ్మా!"

గుట్టు ఎన్నాళ్లు దాగుతుంది? విమానం దిగి వచ్చిన ఒకామె చీర వెనక కమిలిపోయింది. ఆమె దారి పొడుగునా ఓబుళేశును తిట్టిపోసింది. మర్నాడు పొద్దున్నే ఓబుళేశు బండిని ఇస్మాయిల్ షెడ్డుకు తోలాడు. కొడుకు వద్దన్నా వినకుండా గురమ్మ ఎక్కి కూర్చుంది.

ఇస్మాయిల్ బండ్లకు కరెంటు పని చేస్తాడు. చిన్నప్పుడు సుబ్బయ్య ఇంట్లో సంకటి తిని పెరిగినవాడు. గురమ్మను దింపి, తువ్వాలు తీసి, మచ్చలో వేలు పెట్టి చూస్తే స్పాంజి మసి మసిగా రాలింది.

"అత్తా, ఎన్నాళ్ల నుంచి ఇట్ల?"

గురమ్మ రోడ్డు మీద పోతున్న ఆటోల వైపు చూసింది.

"లోపల తీగ దెబ్బతిని ఒకేచోట కాలుతాంది. దీని కనెక్షన్ తీసేయాల్సిందే. ఇట్లే వదిలితే ఒకనాడు మనిషితో సహా అంటుకుంటాది."

"బాగు చెయ్‌లేవా?"

"ఇంత పాత బండికి ఆ సామాను యాడ దొరుకుతాదత్తా? అతుకేస్తే మళ్లీ కాలుతాది."

గురమ్మకు ప్రాణం ఉసూరుమంది. "నాకుండే సుఖం ఇదొక్కటే కదప్పా" అంది. ఆ తర్వాత చిన్నపిల్ల మాదిరి బతిమాలింది. "ఒక్కసారి, కడాపారి కూర్చుంటా. ఆనెక నీ ఇష్టం."

వద్దనాల్సిందే. ఆ సంగతి ఇస్మాయిల్‌కు తెలీక కాదు. కానీ సంకటిముద్ద పెట్టిన మనిషి అట్లా అడుగుతుంటే వద్దని ఎట్లా అంటాడు? ఓబుళేశు ఏదో చెప్పబోయి, నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు.

"సరే కూర్చో. వాసనొస్తే ఆ నిమిషమే పీకేస్తా" అంటూ ఇస్మాయిల్ ఆ సీటు వెనక, కాళ్లు పెట్టేచోట వెల్లకిలా పడుకుని కుడిచెయ్యి సీటు కిందికి దూర్చి ప్లగ్గు పట్టుకున్నాడు. ఓబుళేశు తాళం తిప్పాడు.

వెచ్చదనం నడుమెక్కింది. గురమ్మ కళ్లు మూసుకుంది. అదే క్షణాన సీటు కింద చిటపటమంది, నల్లటి పొగ లేచింది. ఇస్మాయిల్ ప్లగ్గు లాగితే రాలేదు, కరిగి అతుక్కుపోయింది. చెయ్యి వెనక్కి తీద్దామంటే సీటు పట్టాల మధ్య ఇరుక్కుంది. "యా అల్లా!" అని అరిచాడు. కుడిచెయ్యి. ఆ చేత్తోనే ఇల్లు గడవాలి.

గురమ్మ దిగి పారిపోవచ్చు, తలుపు తెరిచే ఉంది. దిగలేదు. "నాయనా, నా కొడకా!" అంటూ ముందుకు వంగి, పొగలోకి చెయ్యి దూర్చి ఇస్మాయిల్ చేతిని గట్టిగా పట్టుకుంది. సుబ్బయ్య చేతిని పట్టుకున్నట్టే పట్టుకుంది.

సుయ్‌మని చప్పుడైంది. కాలుతున్న స్పాంజి ఆరిపోయింది. రోహిణికార్తెలో, కల్లూరు షెడ్డులో, సీటు కింది ఇనుము మీద తెల్లగా మంచు పేరుకుంది. ఓబుళేశు తాళం తీసేసి, బానెట్టు ఎత్తి బ్యాటరీ తీగ ఊడబెరికాడు.

ఇస్మాయిల్ చెయ్యి బయటికొచ్చింది. ఒక్క బొబ్బ లేదు. ఇటూ అటూ తిప్పి చూసుకుని, చన్నీళ్లు ముఖాన చల్లుకుని, చేయాల్సిన పని ఈసారి చేయాల్సిన వరసలో మొదలుపెట్టాడు. ఊడిన బ్యాటరీ తీగ కొనకు గుడ్డ చుట్టాడు. లోపల మిగిలిన కరెంటు దిగేదాకా కాసేపు ఆగాడు. తర్వాత ఫ్యూజుల డబ్బా తెరిచాడు. సీటు ఫ్యూజుకు ఎవరో రాగితీగ చుట్టిపెట్టారు.

"ఎవురప్పా ఈ ఘనకార్యం చేసింది?"

ఓబుళేశు తల దించుకున్నాడు. "ఊరికూరికే ఫ్యూజు పోతాండె. అమ్మకు చలేస్తాంది కదా అని..."

"ఫ్యూజు పోయేది మనం పోకుండా ఉండేదానికప్పా! నోరు తెరిచి చెప్పి ఉంటే నీ సొమ్మేం పోతాండె?" అని ఇస్మాయిల్ గట్టిగానే తిట్టి దాన్ని పీకేశాడు. మరలు విప్పి సీటు వెనక్కి వాల్చాడు. పసుప్పచ్చ తీగలు బండి గుద్దుకుంటే ఉబ్బే గాలి బెలూనువి, వాటి జోలికి పోలేదు. కరిగిన ప్లగ్గును విడదీసి, కొనలకు దేనికదే టేపు చుట్టి, పట్టాలకు తగలకుండా కట్టేశాడు.

గురమ్మ షెడ్డు బల్ల మీద కూర్చుని ఉంది. నుదుటి మీంచి ఏదో జారి కనుబొమ్మ మీద ఆగింది. తుడుచుకుని వేలు చూసుకుంది. చెమట.

"అమ్మా, చలి పోయిందా?" అన్నాడు ఓబుళేశు సంబరంగా.

గురమ్మ బావురుమంది. "మీ నాయన పోయినాడు కదరా" అంది. అదేదో ఆ పొద్దున్నే జరిగినట్టు ఏడ్చింది. కొడుకు ఏం చేయాలో తోచక, అక్కడున్న అట్టముక్క తీసుకుని ఆమెకు విసురుతూ నిలబడ్డాడు.

మర్నాడు మధ్యాహ్నానికి జానమ్మ మల్లెలు గంపలోనే విచ్చుకుని వాడిపోయాయి. షెడ్డులో జరిగింది అప్పటికే వీధంతా పాకింది. ఆ మరుసటి పొద్దున జానమ్మ గంప తెచ్చి ఇస్మాయిల్ షెడ్డులో, అతని కుడిచేతి పక్కన పెట్టిపోయింది. పాలగిన్నెలూ పెరుగుచట్లూ వెనకనే వచ్చాయి. అతను పట్టుకున్న పాన మీద నీటి చెమ్మ కడుతుంది. పొగలు కక్కుతూ వచ్చిన లారీ ఇంజను మీద అతను కాసేపు చెయ్యి పెడితే చల్లబడుతుంది. బండ్లు వరస కట్టాయి. భుజందాకా చలి పాకకుండా ఇస్మాయిల్ భార్య పాత స్వెట్టరు చెయ్యి ఒకటి కత్తిరించి తొడిగింది.

ఒకనాడు ఎండ నడినెత్తిన ఉండగా గురమ్మ గొడుగేసుకుని, చెమటలు కక్కుతూ షెడ్డుకు వచ్చింది.

"చెయ్యియ్యప్పా" అంది.

ఇస్మాయిల్ స్వెట్టరు పైకి లాగి, గ్రీసు తుడుచుకుని చెయ్యి చాపాడు. గురమ్మ రెండు చేతుల్తో పట్టుకుని కళ్లు మూసుకుంది. సుబ్బయ్య చేతిలోని చల్లదనమే అది. బండ్లవాళ్లు తొందరపెట్టలేదు.

"మామ ఎట్లుండాడత్తా?" అన్నాడు ఇస్మాయిల్ మెల్లగా.

"బాగుండాడప్పా" అంది గురమ్మ. ఇంకొంచెంసేపు పట్టుకుంది. తర్వాత తనే చెయ్యి వదిలి, గొడుగు తీసుకుని ఇంటిదారి పట్టింది.