పది బారల తాడు

అరచేతుల మధ్య కొబ్బరి పీచు పాయలు దొర్లుతున్నాయి. చేతులు తాడు పేనుతున్నా జులేఖా కళ్ళు మాత్రం ఎదురింటి మేడ మీదే ఉన్నాయి. మూడంతస్తుల ఆ గెస్ట్‌హౌస్ మూమినాది. బాల్కనీల్లో ఆరేసిన తెల్ల తువ్వాళ్ళు లెక్కపెట్టి మరీ కుళ్ళుకోవడం జులేఖాకు ఆరేళ్ళుగా అలవాటు. ఇవాళ పద్నాలుగు.

జులేఖాకు అరవై దగ్గర పడ్డాయి. బొటనవేలి చర్మం ఎండుచేపలా గట్టిపడింది. ఒకప్పుడు మూమినా వేళ్ళూ ఇలాగే ఉండేవి. మాల్దీవుల్లోని ఈ చిన్న దీవిలో ఇద్దరివీ పక్కపక్క గుంటలు. కొబ్బరి డొక్కల్ని ఉప్పునీటి గుంటలో పాతిపెట్టి, రెండు నెలలు నానాక తీసి, కర్రతో బాది పీచు తీసేవాళ్ళు. మూమినా బాదే కర్ర వాళ్ళమ్మది, ఇనుములాంటి చేవ. జులేఖా ఎన్నిసార్లు అడిగినా ఒక్కపూట అరువివ్వలేదు.

తర్వాత దీవిలోకి టూరిస్టుల్ని రానిచ్చారు. మూమినా ధైర్యం చేసి రెండు గదులు కట్టింది. జులేఖా పగలబడి నవ్వింది. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. దీవి అభివృద్ధి చెందిందని మైకులో చెప్పినప్పుడల్లా, "దీవి కాదు, ఆవిడ" అని గొణుక్కుంటుంది.

పోయిన నెల మూమినా పది బారల తాడు అడిగింది. టూరిస్టుల ఊయలకే అనుకుంది జులేఖా. కడుపుమంటతో, రెండు నెలలు నానాల్సిన డొక్కల్ని మూడు వారాలకే పైకి తీసింది. అలాంటి తాడు చూపుకి బాగానే ఉంటుంది, నాలుగు నెలలకి పుటుక్కున తెగుతుంది. ఓ దొర అందరి ముందూ చతికిలబడటం ఊహించుకుని ముసిముసిగా నవ్వుకుంది. మంచి తాడు చుట్ట మంచం కిందే ఉంది.

"ఏమే, అయిందా?"

మధ్యాహ్నం మూమినా గుమ్మంలో నిలబడింది. మొహం ఉబ్బింది. చేతిలో ప్రయాణపు సంచి.

"అయిందమ్మా మేడమ్‌గారూ! నీ దొరలు ఇక హాయిగా ఊగొచ్చు."

మూమినా తాడు మీద బొటనవేలు రాసింది. మధ్యలో వేలు ఆగింది. ముప్పై ఏళ్ళు పీచు తీసిన వేలు అది.

"దొరలకేంటే, నాకే. మాలేలో అద్దెకి దిగుతున్నాం. అక్కడ మన తాళ్ళ కుర్చీ అల్లుకుందామని."

"మాలే ఎందుకు?"

"కిడ్నీలు పోయాయే. రోజు విడిచి రోజు మిషను మీద పడుకోవాలట. ఈ దీవికి పందొమ్మిది గెస్ట్‌హౌస్‌లొచ్చాయి గానీ ఆ మిషను ఒక్కటి రాలేదు. మేడని ఓ టూరిస్టు కంపెనీకి అమ్మేశా. ఇక రాను."

ఆగు, వేరేది ఇస్తానని అనాలి. అంటే చేసింది చెప్పుకోవాలి. జులేఖా మంచం వైపు ఓసారి చూసి, ఒళ్ళో రాలిన పీచు దులుపుకుంది.

"నీ చేతిది కదా, చాలు," అని మూమినా తాడు సంచిలో పెట్టుకుంది.

లాంచీ కూత వినిపించగానే జులేఖా లేచింది. మంచం కింది చుట్ట చంకన పెట్టుకుని రేవుకి పరుగెత్తింది. లాంచీ అప్పటికే పగడపు దిబ్బలు దాటింది. ఎండ తగ్గేదాకా అక్కడే నిలబడి, ఆ చుట్టతోనే గుంటల దారిన వెనక్కి వచ్చింది.

తన గుంట గట్టు మీద, నీళ్ళు అందనంత పైన, మూమినా వాళ్ళమ్మ కర్ర నిలబెట్టి ఉంది. పట్టుకునే చోట నాలుగు వేళ్ళ మేర అరిగి, నున్నగా మెరుస్తూ.