నాలుగు అరల పెట్టె

...అయితే వేగమా, భద్రమా, రెండూ కావాలనుకుంటే అత్యాశా, పళ్లు తోముకుంటున్నప్పుడు పట్టుకున్న ప్రశ్న కంప్యూటర్ల కొట్టు మెట్లెక్కుతున్నా వదల్లేదు, ఆమెకు నవ్వొచ్చింది, పన్నెండేళ్లుగా ఎవరెవరివో పెళ్లిళ్లూ పుట్టినరోజులూ కత్తిరించి అతికించిన చేతులకి నిన్ననే ఒక అసలు సిసలు సినిమా దొరికింది మరి, డెబ్బయ్యొక్కేళ్ల పెద్దావిడ సముద్రపు పాయను ఒంటరిగా ఈదిన కథ, మూడు కెమెరాలు, పదిహేడు గంటలు, ఎయిట్‌కే బొమ్మ, పెద్దావిడ కనురెప్ప మీది నీటిబొట్టు కూడా కనిపిస్తుందట, మొత్తం తొమ్మిది టెరాబైట్లు, ఇంట్లో ఉన్న డిస్కులన్నీ కలిపి పిండినా అందులో పావు వంతు పట్టదు, రేపు మధ్యాహ్నం తెచ్చిస్తాను, ఎల్లుండికి నా కెమెరా కార్డులు ఖాళీ చేసివ్వాలి, వాటితోనే ఇంకో షూటింగుంది అంది దర్శకురాలు, అంటే ఆ తర్వాత ఆ ఈత లోకంలో ఎక్కడైనా ఉందంటే తన బల్ల మీదే ఉంటుంది, తనకి కలిగింది భయమో సంబరమో తేలలేదు, సంబరమే అనుకుంది, కొట్టాయన పెట్టెను గల్లా బల్ల మీద పెట్టి మూత తీశాడు, చెప్పుల డబ్బా అంతే ఉంది, నాలుగు అరలు, అరకో డిస్కు, చూడండమ్మా, నాలుగు డిస్కుల్నీ ఒకటిగా కలిపే పద్ధతే రెయిడ్, రెయిడ్ జీరో పెట్టారనుకోండి, నాలుగూ పని పంచుకుని పరిగెడతాయి, ముప్పై రెండు టెరాలూ మీవే, కాకపోతే ఒక్కటి పోయిందా, నాలుగింట్లో ఉన్నదీ గోవిందా, అదే రెయిడ్ ఫైవ్ అనుకోండి, ఒక డిస్కంత చోటు కాపలాకి పోతుంది, రాసేటప్పుడు కాస్త నెమ్మది, కానీ ఒకటి చచ్చినా...

చచ్చినా అన్న మాట దగ్గరే ఆమె చెవులు మూసుకుపోయాయి, నాలుగేళ్ల కిందట డిస్కు చచ్చిపోతూ చేసిన ఆ చప్పుడు, టక్, టక్, గోడకి ఎవరో గోరుతో కొడుతున్నట్టు, సంగీతం టీచరమ్మ బడి వదిలి వెళ్తూ చివరిసారి పిల్లల కోసం పాడిన రోజు వీడియో అంతా ఆ ఒక్క డిస్కులోనే ఉండి దాంతోపాటే పోయింది, ఫోన్లో చెప్పడానికి నోరు రాక తనే వెళ్లింది, తిడుతుందనుకుంటే ఆవిడ మంచినీళ్లిచ్చి, పోనీలేమ్మా, పాడింది నేనేగా, నాకు గుర్తుందిలే అంది, ఆ పోనీలే ఉందే, తిట్టినా ఇంత గుచ్చుకునేది కాదు.

అమ్మా, వింటున్నారా అన్నాడు కొట్టాయన, వింటున్నానండీ, ఒకటి చచ్చినా ఏమవుతుంది, ఏమీ కాదమ్మా, మిగతా మూడూ దాని బరువు కూడా మోస్తాయి, కొత్తది పెడితే పోయినదంతా మళ్లీ రాసిపెడతాయి, అయితే ఫైవే ఇవ్వండి అంది ఆమె, అనేసి తన గొంతు తనకే కొత్తగా వినిపించి ఆశ్చర్యపోయింది, ఇంట్లో గిన్నె కొనడానికి కూడా మూడు కొట్లు తిరిగే మనిషి తను, కొట్టాయన వేలెత్తాడు, ఇది ఉంది కదాని గుర్రు పెట్టకండి, డిస్కు పోతే ఇది కాపాడుతుంది, మీ చెయ్యి జారి చెరిపేస్తే ఇదీ అంతే శ్రద్ధగా చెరిపేస్తుంది, ఇంకో ప్రతి వేరే చోట ఉండాలి, దాంతో విడిగా ఒక పెద్ద డిస్కు కూడా సంచిలో పడింది, సినిమా ఎక్కించకముందే ఓసారి డిస్కు లాగి చూసుకోండమ్మా, ధైర్యం వస్తుంది అని సాగనంపాడు.

లాగింది, ఇంటికొచ్చి నిజంగానే లాగింది, పెట్టెలోకి ఎక్కించిన పాత పెళ్లి వీడియో ఒకటి నడుస్తుండగా మూడో అర మీట నొక్కి డిస్కును సగానికి లాగేసి కళ్లు మూసుకుంది, పెట్టె పీ పీమని ఏడుపు లంకించుకుంది, కళ్లు తెరిస్తే తెర మీద పెళ్లికొడుకు నవ్వుతూనే ఉన్నాడు, ఏమండీ, ఆగలేదండీ, ఆగలేదు, వంటింట్లోంచి సైన్సు మాస్టారైన మొగుడు గరిటెతో పరిగెత్తుకొచ్చాడు, షాక్ కొట్టిందా, లేదండీ, చచ్చినా ఆగలేదు, ఎవరు చచ్చారే, ఇద్దరూ పగలబడి నవ్వారు, తర్వాత డిస్కును లోపలికి నెట్టి పెట్టెను మళ్లీ శుభ్రంగా ఫార్మాట్ చేసింది, మధ్యాహ్నం దర్శకురాలు వచ్చి కార్డులిచ్చి వెళ్లింది, కాపీ ఎంతయిందో చూపే పచ్చ గీత చీమలా పాకింది, మర్నాడు పదింటికల్లా పెట్టెలో ఒక ప్రతి, విడి డిస్కులో ఒక ప్రతి, రెండోదాన్ని మాస్టారు తువ్వాల్లో చుట్టి, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు గుండెకి హత్తుకుని బడి ఇనప బీరువాలో దాచడానికి పట్టుకెళ్లాడు.

ఇల్లంతా తనదే, కిటికీలోంచి ఎండ, తెర నిండా నీళ్లు, పదకొండో గంటలో పెద్దావిడ ఈత ఆపేసి వెల్లకిలా తేలింది, వెంట వస్తున్న పడవలోంచి కూతురు అరుస్తోంది, చాలమ్మా, ఎక్కెయ్, పెద్దావిడ ఊపిరి అందుకుని, ఉండవే, ఆకాశం చూసి ఎన్నాళ్లయిందో అంటోంది, దర్శకురాలి కాగితంలో ఈ ముక్క పక్కన తీసెయ్యాలి అని రాసి ఉంది, పాత తనైతే తీసేసేదే, ఎదుటివాళ్లకి నచ్చదేమోనన్నది ఏదైనా ముందే తీసేసేది, కానీ ఇప్పుడు వేళ్లు ఆ నాలుగు నిమిషాల్ని పట్టుకుని సినిమా మొదట్లో పెట్టేశాయి, తప్పేమో, తప్పయితే వెనక్కి తీసుకోవచ్చు, అసలుది రెండు చోట్ల క్షేమంగా ఉంది, మరి ఇన్నేళ్లూ, ఇన్నేళ్లూ తను కత్తిరించినదంతా భయమే కత్తిరించింది, పోతుందేమో, తప్పవుతుందేమో అన్న భయం, ఇవాళ మొదటిసారి తప్పు చెయ్యడానికి తనకి చోటు దొరికింది, ఎంత చోటని, సముద్రమంత.