నూనె మీద వెండి

పంపు చప్పుడు మారింది. గిడ్డయ్య కళ్లు తెరవకుండానే స్టూలు మీంచి లేచి రెండో వాల్వు తిప్పాడు. గొరగొర తగ్గి సన్నని మూలుగు మిగిలింది. గాజు గుమ్మటంలో గాలి దాదాపు అయిపోయిందని ఆ మూలుగే చెబుతుంది; గేజీ ముల్లు వైపు చూడవలసిన అవసరం అతనికి ఎన్నడూ రాలేదు.

ఆదోనిలో ఒక కాలేజీ ఫిజిక్సు విభాగంలో అతను అటెండరు. ఇరవై ఆరేళ్లుగా ఎమ్మిగనూరులో ఏడింటి బస్సెక్కి ఈ యంత్రం దగ్గరికే వస్తున్నాడు. బొటనవేలి గోరు నూనెకు పసుపుబారింది. మెడ వెనక, పంపు వేడి తగిలే చోట, చర్మం గరుకుదేలింది.

గుమ్మటం కింద గాజుముక్క, దాని మీద చిక్కటి సిలికోన్ నూనె చుక్క. కరెంటు పెంచాడు. పైనున్న తీగ ఎర్రబడి, తెల్లబడి, దానికి చుట్టిన వెండి ఆవిరై కిందికి దిగింది. నూనె మీద మొదట ఏమీ కనబడదు. కాసేపటికి పొగ మరక. ఆ తర్వాత అద్దం.

గట్టి నేల మీద పరుచుకున్న అద్దం కాదది. కింద నూనె కదులుతుంటే పై పొర లోలోపల బిగుసుకుంటుంది, సర్దుకోలేక ముడతలు పడుతుంది, చీలుతుంది. చీలికలు కొమ్మలు వేస్తాయి. శరణ్య మేడమ్ విద్యార్థులకు చెబుతుంటే విన్నదే ఇదంతా. ఆమె పరిశోధనకు అతను చేసిచ్చిన పొరలు రెండువందలు దాటాయి. మైక్రోస్కోపులో ఒక్కటీ చూడలేదు. చూడమని ఎవరూ అనలేదు. అడగడం చిన్నతనమనిపించింది.

చిన్నప్పుడూ అంతే. అన్న మగ్గం గుంటలో కూర్చుంటే తను కండెలు చుడుతూ, నాయన పిలుస్తాడని ఎదురుచూశాడు. నాయన పిలవలేదు. పెళ్లయ్యాక, భార్య రామక్క రెండోసారి వడ్డించకపోతే చెయ్యి కడుక్కుని లేచిపోయేవాడు. మొగుడికి ఆకలి తక్కువని ఆమె పోయేదాకా అనుకుంది.

హులిగమ్మ వచ్చి మూడు నెలలే. కోసిగి మనిషి, ఊడ్చే పని. వచ్చిన వారానికే, "ఆ గొట్టంలో ఏముందమ్మా, నన్నూ రవ్వంత సూడనియ్యి," అని మేడమ్‌ను అడిగేసింది. మేడమ్ నవ్వి చూపించింది. అప్పటినుంచి ప్రతి పొరా చూస్తుంది.

ఇవాళ పొద్దున కూడా బకెట్ దించి అడిగింది. "నిన్నటిది సూస్తివా గిడ్డయ్యన్నా?"

"నాకేం పని."

"ఎండలకి మా నల్లసేను నెర్రెలిచ్చినట్లే ఉంది. నడుమ ఒక నెర్రె పాము పోయినట్ల వంకర్లు పోయింది. నువ్వు సేసిందే గదా, తెలీదా?"

"తెలుసు."

"తెలిస్తే సెప్పు, ఎన్ని వంకర్లు?" నవ్వుకుంటూ బకెట్ ఎత్తుకుని పోయింది.

పంపు వేడెక్కినంతసేపూ అతనికి ఆ నవ్వే వినబడింది. ఇరవై ఆరేళ్లు ఇస్త్రీ మడతలో దాచుకున్న చొక్కాను ఇంకొకరు తొడుక్కుని తిరుగుతున్నట్టుంది.

పొర పడ్డాక అరగంట ఆగి, గాలి వాల్వును వెంట్రుకవాసి చొప్పున తెరవాలి. గిడ్డయ్య అరగంటా ఆగాడు. వాల్వు మీద చెయ్యి వేశాడు. దీన్నీ ఆమే చూస్తుంది, అనుకున్నాడు. మణికట్టు ఒక్క ఊపున పూర్తిగా తిరిగింది. గాలి బుస్సుమని దూకింది. అద్దం వణికి మసకబారింది.

శరణ్య మేడమ్ మైక్రోస్కోపు మీంచి తలెత్తింది. "ఇట్లయిందేమి గిడ్డన్నా? అంచులన్నీ చెదిరిపోయినాయి."

"హులిగమ్మ తలుపు దబ్బున ఏసిందమ్మా. బల్ల అదిరింది."

ఆ మాట ఎప్పటినుంచో నోట్లో తయారుగా ఉన్నట్టు వచ్చింది. మేడమ్ గడపలో తడిగుడ్డతో నిలబడిన హులిగమ్మతో, "రేపటినుంచి ఈ గది వద్దులే. వరండా చూసుకో," అంది. హులిగమ్మ తల ఊపింది. అతని వైపు చూడలేదు.

మధ్యాహ్నం గిడ్డయ్య రెండో రొట్టె కూడా తిన్నాడు.

సాయంత్రం మేడమ్ వెళ్లాక హులిగమ్మ ఆ గది చివరిసారి తుడిచింది. మూలనున్న సిమెంటు ఇటుకను జరుపుకుని, తడికాళ్లతో ఎక్కి, మైక్రోస్కోపులో చాలాసేపు చూసింది. దాని దీపం ఆర్పి దిగింది.

"అన్నిటికంటే ఇదే బాగుందన్నా."

అతను పంపు మీద గుడ్డ కప్పాడు.

"తలుపు ఏసినానంటివే, ఆ యాళకు నేను కింద కొళాయి కాడ నీళ్లు పట్టుకుంటాండాను." గొంతులో కోపం లేదు, వాన పడిందని చెప్పినట్టు చెప్పింది. "పోనీలే. రేపు మా ఊరోళ్ల లారీ ఉంది, గుంటూరు దిక్కు మిరప కోతకు. ఈ గొట్టం కోసరమే ఇన్నాళ్లు ఆగినా. ఇంక పోతా."

గది తాళంచెవి బల్ల మీద పెట్టింది. మెట్ల మీద ఆమె అడుగులు వినిపించాయి.

బస్సుకు ఇంకా టైముంది. గిడ్డయ్య మైక్రోస్కోపు దగ్గరికి వెళ్లాడు. ఎవరూ లేరు, ఎవరినీ అడగక్కర్లేదు. వంగి కన్ను ఆనించాడు. లోపల చీకటి. గొట్టం చుట్టూ, బల్ల కిందా తడిమాడు. ఈ గదిలో ఏ వాల్వునైనా కళ్లు మూసుకుని తిప్పగలడు. ఈ దీపం మీట ఎక్కడుందో తెలియదు. కిటికీలోంచి చూస్తే హులిగమ్మ ఇంకా గేటు దాటలేదు. పిలిస్తే వినబడుతుంది. నోరు తెరిచాడు. ఆమె గేటు దాటి, రోడ్డు దాటి, ఆటోల వెనక కనబడకుండా పోయేదాకా అలాగే తెరిచి ఉంచాడు.

వెనక్కి తిరిగితే కాలికి ఇటుక తగిలింది. దాని మీద రెండు తడి పాదాలు, చిన్నవి, వేళ్లు మైక్రోస్కోపు వైపు. అంచులనుంచి లోపలికి, నెమ్మదిగా ఆరిపోతున్నాయి.