కాటమ్మ తట్టిన దర్వాజ

దొర ఇల్లు అమ్మకానికి వచ్చిందంటే మట్టయ్య మొదట నమ్మలేదు. ధర విన్నాక అసలే నమ్మలేదు. నేరేడుచర్ల చుట్టుపక్కల ఊళ్ళలో అంత పెద్ద ఇల్లు ఇంకోటి లేదు. సూర్యాపేట సంతలో ఎడ్ల జతా కొత్త బండీ కొనాలన్నా అంతకంటే ఎక్కువే అవుతుంది.

కారణం మాత్రం ఊరందరికీ తెలుసు. రజాకార్ల దాడి నాడు ఇళ్ళు తగలబడుతుంటే కాటమ్మ అనే ఆడది ఆ ఇంటికి పరుగెత్తింది. దర్వాజ తట్టింది. లోపల మనుషులున్నారు. ఎవరూ గడె తీయలేదు. దాడి సద్దుమణిగాక చూస్తే మెట్ల మీద చచ్చి పడి ఉంది. పిడికిళ్ళు ముడుచుకునే ఉన్నాయి. దొర పట్నం వెళ్ళిపోయి మళ్ళీ రాలేదు. ఖాళీ ఇంట్లోంచి ఎవరో తడుతున్న చప్పుడు వస్తోందని ఈ ఏడాదిగా ఊరు చెప్పుకుంటోంది. కాటమ్మే తడుతోందట.

మట్టయ్య కాటమ్మ మొగుడు.

అతని ఇల్లు ఆ నాడే కాలింది. అప్పటి నుంచి తాటాకుల పాకలో ఒక్కడే ఉంటున్నాడు. మళ్ళీ వానలు దగ్గరికి వచ్చాయి. పొలంలో కొంత అమ్మి చేతిలో పెట్టుకున్నాడు. “గా దయ్యాల కొంప ఎందుకయ్యా నీకు?” అని ఊళ్ళోవాళ్ళు అడిగారు. ఆ దర్వాజ గడె తన చేతిలో ఉండాలి. అంతే.

ఇల్లు చూపించడానికి దొర గుమాస్తా సీతాపతి కోదాడ నుంచి వచ్చాడు. నల్ల గొడుగు, భుజాన కండువా. మట్టయ్య మెట్ల దగ్గరే నిలబడిపోవడం చూసి నవ్వాడు.

“ఎండ మండిపోతుంటే మెట్ల మీద ఏం చూస్తున్నావయ్యా? లోపలికి రా.”

మట్టయ్య చెప్పులు విడిచి చంకలో పెట్టుకున్నాడు.

“దొరే లేకపోతే చెప్పులు విడవడం ఎవరికయ్యా? తొడుక్కునే రా.”

“అలవాటు పంతులూ. పోతదా?”

వాకిలి ఊడుస్తున్న సాలమ్మ అతన్ని చూసి ఆగిపోయింది. ఏళ్ళుగా ఆ ఇంటి కాపలా ఆమెదే. దాడి నాడు గడె దగ్గర ఉన్నదీ ఆమే. ఊరందరికీ ఆమె అవ్వ. ఒకప్పుడు మట్టయ్యకూ అవ్వే. ఆ తర్వాత అతను ఆమెను ఏ వరసా పెట్టి పిలవలేదు.

“బాగున్నవా బిడ్డా?” అంది.

మట్టయ్య ఆమెను దాటి వెళ్ళాడు.

ఇల్లు చూడడం అతనికి తెలుసు. టేకు దూలాలను కర్రతో కొట్టి చెవి పెట్టి విన్నాడు. చెద లేదు. గోడలు డంగు సున్నంవి, మీద ఒక మనిషి పడుకునేంత మందం. పెంకు అక్కడక్కడా జారింది, పడమటి గోడ ఒకటి కూలి పెరట్లో మట్టికుప్ప అయింది. తక్కినదంతా గట్టిగా ఉంది. బావి దగ్గరికి వెళ్ళి నీళ్ళు చేదబోయాడు. చేంతాడు అప్పటికే తడిగా ఉంది. నీళ్ళు పుక్కిలించి ఉమ్మాడు. తియ్యటి నీళ్ళు.

“ఎట్లా ఉంది?” అన్నాడు సీతాపతి. “మిర్యాలగూడ నుంచి ఒక షావుకారు రేపు వస్తానన్నాడు. దూలాలు పీకి అమ్ముకుంటాడట. నీకైతే ఇల్లుగా మిగులుతుంది. అందుకే ముందు నిన్ను పిలిచాను.”

“నా మీద గంత ప్రేమ ఎందుకు పంతులూ?”

“ప్రేమ కాదయ్యా. ఊళ్ళో ఇంకెవరూ గడప తొక్కడం లేదు.”

అప్పుడు వినిపించింది. లోపలెక్కడో, అడుగు నుంచి వచ్చినట్టు. టప్. కాస్త ఆగి మళ్ళీ, టప్.

సీతాపతి ఒక అడుగు వెనక్కి వేశాడు. పట్టపగలు, నడినెత్తిన సూర్యుడు. మట్టయ్య నోరు తెరిచి కాటమ్మను పేరు పెట్టి పిలవబోయి ఆగిపోయాడు. పిలిస్తే పలుకుతుందేమో. పలికితే ఏం చెప్పాలి? ఆ నాడు తను పొలంలో జొన్నచేనులో దాక్కున్నానని చెప్పాలా?

“ఎలుకలు బిడ్డా,” అంది సాలమ్మ వెనక నుంచి. అడగకముందే అంది.

ఆ మాటతో అతని భయం వేరే దారి పట్టింది. కాటమ్మ తడితే గాజులు మోగాలి. ఈ చప్పుడులో గాజులు లేవు, అదీ నేల కింద నుంచి.

“గింజల అర్ర చూపించు,” అన్నాడు.

ఇంటి వెనక భాగంలో చీకటి గది అది. నేలంతా పెచ్చులు లేచిపోయింది. మధ్యలో పాతర మూతబండ చుట్టూ మాత్రం పేడ అలుకు పచ్చిగా ఉంది. జొన్నలు దాచుకునే గొయ్యి అది. మూతి ఇరుకు, కడుపు వెడల్పు.

“తెరువు.”

“వద్దు బిడ్డా,” సాలమ్మ అడ్డం వచ్చింది. “జెర్రులున్నయ్. ఏడాది సంది మూసి ఉన్నది. పానం తీస్తది.”

ఆమె వద్దనకపోతే మట్టయ్య అంతటితో వదిలేసేవాడేమో. ఆమె వద్దంది కాబట్టి తెరిచి తీరాలనుకున్నాడు. బండ కింద కర్ర దూర్చి పక్కకు నెట్టాడు.

సీతాపతి గొడుగును గోడ మేకుకు తగిలించి, కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని గడప అవతల నిలబడ్డాడు. “నేను రానయ్యా. పిల్లలున్నవాణ్ణి.”

మూసిన పాతరలో గాలి మనిషిని చంపుతుంది. దిగినవాడు దిగినట్టే కూలిపోతాడు. అందుకే ముందు దీపం దింపుతారు. దీపం ఆరితే ఎవరూ దిగరు. మట్టయ్య ప్రమిద వెలిగించి, పెంకులో పెట్టి, ఉట్టిలా తాడు కట్టి మెల్లగా వదిలాడు. ఏడాదిగా మూసిన గొయ్యి. మూతి దాటగానే ఆరిపోవాలి.

ఆరలేదు. నిటారుగా వెలుగుతూ అడుగుదాకా వెళ్ళింది.

మట్టయ్య చేతిలో తాడు బిగుసుకుంది. వెలుగులో ముందు ఒక సత్తు గిన్నె కనిపించింది. తర్వాత ఒక కాలు. కాలి పక్కన తుపాకి. ఆ తర్వాత ముఖం, గడ్డం పెరిగి, పాలిపోయి, పైకే చూస్తూ. మల్సూర్. సాలమ్మ కొడుకు. కమ్యూనిస్టు దళంలో తిరిగి చచ్చిపోయాడని ఊరనుకున్నవాడు.

దళంవాళ్ళ కోసం వెతికే మిలిట్రీ క్యాంపు ఊరి బయటే ఉంది. పోయిన నెల ఆత్మకూరు వైపు ఒక ఇంట్లో ఇట్లాగే ఒకడు దొరికితే, ఆ పొద్దు ఆ ఇంటికి బర్రెను కొనడానికి వచ్చినవాణ్ణి కూడా పట్టుకుపోయారు. ఇప్పటికీ వాడు తిరిగి రాలేదు.

“ఏమైంది? వెలుగుతోందా?” అన్నాడు సీతాపతి.

మట్టయ్య వెనక్కి చూశాడు. సాలమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. ఆమె కళ్ళు అతని చేతిలో తాడు మీద ఉన్నాయి. అప్పుడు అర్థమైంది అతనికి. తట్టే కాటమ్మను పుట్టించింది ఎవరో. ఇంటి వైపు ఎవరూ రాకుండా దయ్యాన్ని కాపలా పెట్టింది ఎవరో. ఒక్క మాట చాలు, ఆమె కొడుకు దొరికిపోతాడు.

ఆ ఒక్క మాటతో తన మెడకూ తాడు పడుతుంది.

చెయ్యి విదిలించాడు. పెంకు ఒరిగింది. చీకటి.

“ఆరింది,” అన్నాడు. తాడు పైకి లాగి పొగచూరిన ప్రమిద చూపించాడు.

“చూశావా! మనుషుల్ని మింగే గొయ్యి. దొరగారు ఎప్పుడో చెప్పారు పూడ్చేయమని.” సీతాపతి కండువా ఇంకా గట్టిగా అదుముకున్నాడు. “బయట కూలోళ్ళున్నారు. కూలిన గోడ మట్టి ఉండనే ఉంది. ఇప్పుడే పూడిపిస్తా. రేపు షావుకారు కాలు జారి పడితే నా మెడకు చుట్టుకుంటుంది.”

సాలమ్మ గోడకు ఆనుకుని కిందికి జారింది.

గొయ్యిలోంచి చప్పుడు లేదు. పైనుంచి మట్టి పడుతుంటే లోపలివాడు ఎంతసేపు ఊరుకుంటాడు? అరుస్తాడు. లేదా అరవడు. ఏది ఎక్కువ భయమో మట్టయ్య తేల్చుకోలేకపోయాడు.

“షావుకారు ఎందుకొస్తడు?” అన్నాడు. “ఇల్లు నేను తీసుకుంటున్న.”

“ఇంత తొందరగానా?”

“బయానా గిప్పుడే తీస్కో. పాతర నాది. పూడుస్తనో, జొన్నలు పోస్తనో నా ఇష్టం.”

“బేరం ఆడవా?”

“ఆడ నేను.”

సీతాపతి అనుమానంగా చూశాడు. తర్వాత బేరం చెడుతుందేమోనన్న భయం అనుమానాన్ని మింగేసింది. మట్టయ్య మొలలోంచి మూట విప్పి ఇచ్చాడు. సీతాపతి తాళంచెవి అతని చేతిలో పెట్టి, తమలపాకు కూడా అడగకుండా బండి ఎక్కాడు.

మట్టయ్య దర్వాజ మూసి గడె వేశాడు. బరువైన గడె. రెండు చేతులతో ఎత్తాల్సి వచ్చింది.

తిరిగి వచ్చేసరికి మల్సూర్ సాలమ్మ చెయ్యి పట్టుకుని పైకి వచ్చి గోడకు ఆనుకుని నీళ్ళు తాగుతున్నాడు. గిన్నె చేతిలో నిలవడం లేదు. కాలికి కట్టిన గుడ్డ చీముతో తడిసింది. జ్వరంలో మడమతో నేల తన్నుకుంటాడట. చప్పుడు అదే.

“బిడ్డా...” సాలమ్మ అతని కాళ్ళ వైపు వంగబోయింది.

“ముట్టకు.” వెనక్కి జరిగాడు. “నా పెండ్లాన్ని సంపింది సాలలేదా? దయ్యాన్ని గూడ చేసినవా?”

“గా నాడు లోపట పిల్లలున్నరు. దొర తియ్యొద్దన్నడు. గడె మీద చెయ్యి పెట్టిన బిడ్డా, ఎత్తరాలే. చేతులు రాలే.”

“చేతులు రాలేదట!” మట్టయ్య కాండ్రించి ఉమ్మాడు.

అప్పుడు దర్వాజ మోగింది.

దబదబ. దబదబ. గట్టిగా, మగ చేయి. మల్సూర్ లేవబోయి పడిపోయాడు. సాలమ్మ వాణ్ణి పాతర వైపు లాగుతోంది, లాగలేకపోతోంది. మళ్ళీ దబదబ. మిలిట్రీయేనా? తీయకపోతే అనుమానం. తీస్తే ముగ్గురికీ ఆఖరు. మట్టయ్య మండువా దాటి వెళ్ళి గడె మీద రెండు చేతులూ పెట్టాడు.

ఎత్తలేకపోయాడు. మోచేతుల నుంచి కిందికి చేతులు తనవి కావు. చెక్కకు అటువైపు తడుతున్నారు, ఇటువైపు అతను కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. ఎంతసేపు నిలబడ్డాడో తెలియదు.

“మట్టయ్యా! నా గొడుగయ్యా! ఎండకు చస్తున్నా, తీయవయ్యా బాబూ!”

గోడకున్న గొడుగు తెచ్చి, గడె కొద్దిగా ఎత్తి, సందులోంచి బయటికి నెట్టాడు.

“అప్పుడే లోపల గడె పెట్టుకున్నావా? దయ్యం పట్టిందనుకున్నా!” సీతాపతి నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. బండి చప్పుడు దూరమైంది.

మట్టయ్య మళ్ళీ గడె దించి వెనక్కి తిరిగాడు. మండువా మధ్యలో సాలమ్మ నిలబడి ఉంది. అంతా చూసింది.

“సూసినవు గదా,” అన్నాడు మట్టయ్య. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. “పొద్దు గూకినంక కొడుకును తీస్కొని పో. మళ్ళ గీ గడప తొక్కకు.”

“బిడ్డా, ఇగనన్న మాఫ్...”

“నేను మాఫ్ చెయ్య,” అన్నాడు. “నిన్ను చెయ్య.”

మెట్లకు ఇవతల, మూసిన దర్వాజకు వీపు ఆనించి కూర్చున్నాడు. చెప్పులు ఇంకా చంకలోనే ఉన్నాయి.